శాక్సఫోన్ పోటీకి వెళ్లే ముందు

శాక్సఫోన్‌ను కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ పుట్టిన ఊరు బెల్జియంలోని దినాన్. అక్కడ ఆయన పేరిట 1994లో అంతర్జాతీయ పోటీ మొదలైంది. అలాంటి వేదిక ఎక్కాలంటే ముందు నిబంధనల్లో వయోపరిమితి, తప్పనిసరిగా వాయించాల్సిన సంగీత రచనలు చూసుకోండి.

వీడియో చూసి చేసే తొలి వడపోత ఉంటే మైకును రెండు మీటర్ల దూరంలో, బెల్‌కు (వాద్యం వెడల్పాటి మూతికి) సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. రికార్డింగ్ స్థాయిని దానంతటదే సర్దే ఆటో లెవెల్‌ను తప్పకుండా ఆపేయండి. లేదంటే మెల్లని స్వరమూ గట్టి స్వరమూ ఒకే మోతాదులో వినిపించి మీ కష్టమంతా వృథా అవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది రీడు (ఊదితే కంపించి ధ్వని పుట్టించే పలుచని పుల్ల) దగ్గరే. నెల ముందు నుంచే నాలుగైదు రీడులను వంతులవారీగా, మొదట్లో రోజుకు 10 నిమిషాలు మించకుండా వాయించండి. గాలి పొడిగా ఉన్న హాల్లో రీడు కొస అలలు తేలుతుంది, అట్టడుగు స్వరమైన కింది బి-ఫ్లాట్ మెల్లగా పలకదు. నీళ్లలో తడిపి, కొసను గాజుపలక మీద బొటనవేలితో నొక్కితే సర్దుకుంటుంది.

ఫ్రెంచ్ స్వరకర్త ఇబేర్ రాసిన కన్సర్టీనో (1935) ఎంచుకుంటే ఆల్టిసిమో స్వరాలను (మామూలు పరిధి దాటిన పై స్వరాలను) శ్రుతి చూపే ట్యూనర్‌తో రోజూ విడిగా సాధన చేయండి. పియానిస్టుతో కనీసం మూడు రిహార్సల్స్ కావాలి.

ఓడినా న్యాయనిర్ణేతల అభిప్రాయం అడగండి. మీ మంచి ప్రదర్శన నుంచి మూడు నిమిషాల ముక్కను వారంలోగా కచేరీ అవకాశం కోసం సంగీత ఉత్సవాల నిర్వాహకులకు పంపండి.