టైలు పెచ్చులు లేస్తోందా, గ్రైండర్ కాలుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రిపేరుకని నా బల్ల మీదికొచ్చే యాంగిల్ గ్రైండర్లలో చాలావాటికి రోగమేమీ ఉండదు. బ్లేడు తప్పు, లేదంటే ఆ పనికి ఆ సైజు మిషన్ సరిపోదు. కొత్తది కొనే ముందు, ఉన్నది ఎందుకు మొరాయిస్తోందో చూసుకోండి.

టైలు అంచు పెచ్చులు లేస్తోంది

ముందు బ్లేడు చూడండి. అంచులో సందులున్న సెగ్మెంట్ బ్లేడు కాంక్రీటుకూ ఇటుక గోడకూ పనికొస్తుంది. విట్రిఫైడ్ టైలు మీద పెడితే ప్రతి సందూ పాలిష్‌ను చిన్న దెబ్బ కొడుతూ పోతుంది. టైలుకు అంచు ఎక్కడా తెగని కంటిన్యువస్ రిమ్ డైమండ్ బ్లేడు, లేదా సన్నటి టర్బో (అంచు తెగకుండా, వాలు గాడులుండే బ్లేడు) వాడాలి. (తాండూరు, బేతంచెర్ల బండలకైతే మామూలు టర్బో చాలు. అవి సున్నపురాళ్లు, విట్రిఫైడ్ అంత మొండివి కావు.)

పాలిష్ వైపు పైకి పెట్టి, గీత మీద మాస్కింగ్ టేపు అంటించండి. మొదటిసారి రెండు మి.మీ. లోతే కోయండి, రెండోసారి కిందికి దింపండి. నొక్కొద్దు, మిషన్ బరువే చాలు. చివరి అంగుళం విరిగిపోతోందంటే టైలు కింద ఆనిక సరిగా లేదు. స్విచ్ బాక్సు కోసం కోసినప్పుడు మూల నుంచి పగులు సాగుతుంటే, ముందే ఆ మూలలో 6 మి.మీ. టైల్ బిట్టుతో బెజ్జం వేసి, కోతను అక్కడికి తెచ్చి ఆపండి.

బ్లేడు తిరుగుతోంది, కోయట్లేదు

ప్లగ్గు పీకి, బ్లేడు చల్లారాక అంచు మీద గోరు పెట్టి లాగండి. గరుకు తగలాలి. గాజులా జారిపోతే పైనున్న వజ్రపు రేణువులు అరిగి, కొత్తవి బయటికి రావట్లేదన్నమాట. బ్లేడు పారేయకండి. సిమెంటు ఇటుకలో నాలుగైదు కోతలు కోస్తే మళ్లీ పదును తేలుతుంది. అంచు పక్కన ఉక్కు నీలం తిరిగితే మాత్రం అతిగా కాలినట్టే, దాన్ని ఇక వాడొద్దు.

బ్లేడు వణుకుతోంది

మన దగ్గర 4 అంగుళాల గ్రైండర్లకు సాధారణంగా 16 మి.మీ. బోరు (మధ్య రంధ్రం) డిస్కులు పడతాయి. టైల్ బ్లేడ్లు చాలావరకు 20 మి.మీ. బోరుతో వస్తాయి. మధ్యలో రింగు వేయకపోతే బ్లేడు పక్కకు కూర్చుంటుంది. రింగు వేయండి.

కాంక్రీటు రుద్దుతుంటే మిషన్ పట్టుకోలేనంత వేడెక్కుతోంది

ఎక్కువ మిషన్లు పాడయ్యేది ఇక్కడే. పోయిన వేసవిలో ఒక టైల్స్ మేస్త్రీ 4 అంగుళాల చిన్న గ్రైండర్‌కు కప్ వీల్ (కాంక్రీటు రుద్దే గిన్నెలాంటి చక్రం) బిగించి, స్లాబ్ మీద ఎత్తుపల్లాలు పొద్దుటి నుంచి రుద్దాడు. విప్పితే లోపలంతా బూడిదరంగు పిండి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ల భాగం) నల్లబడి వార్నిష్ కాలిన వాసన. అతని తప్పు పని చేతకాక కాదు. కోతలో మోటారుకు మధ్యమధ్యలో ఊపిరి దొరుకుతుంది, రుద్దుడులో దొరకదు.

టైలు కోతకే అయితే 4 అంగుళాలు, 700–850 వాట్లు సరిపోతాయి. కాంక్రీటు కూడా రుద్దాలంటే 5 అంగుళాలు, 1,200 వాట్లకు తగ్గకుండా, స్పీడ్ కంట్రోల్ ఉన్నది తీసుకోండి. రెండు పనులకూ ఒకటే మిషన్ కావాలన్నా ఇదే కొంటాను. కాస్త బరువు, అంతే.

ఉన్నదానితోనే లాక్కురావాలంటే పది నిమిషాలకోసారి ఎత్తి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. పొడవాటి సన్న వైరుతో కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి మోటారు ఇంకా కాలుతుంది. 2.5 చదరపు మి.మీ. వైరు వాడండి.

రుద్దిన చోట గుంటలు, అలలు

కప్ వీల్ వాలిపోతోంది. పరిచినట్టు పెట్టి గుండ్రంగా తిప్పుతూ జరుపుతూ ఉండండి.

లోతు చాలట్లేదని గార్డు తీసి పెద్ద బ్లేడు వేయాలనిపిస్తే

వేయకండి. 7 అంగుళాల డిస్కు సాధారణంగా నిమిషానికి 8,500 తిరుగుళ్ల వరకే తట్టుకుంటుంది. 4 అంగుళాల మిషన్ 11,000 దాకా తిప్పుతుంది. పగిలిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

దుమ్ముకు ఊపిరాడట్లేదు

కాంక్రీటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. వాక్యూమ్ పైపు తగిలే గార్డు, ఎన్95 మాస్కు రెండూ పెట్టుకోండి. దుమ్ము అణచాలని మామూలు గ్రైండర్ మీద నీళ్లు పోయకండి, షాక్ కొడుతుంది. తడి కోత కోయాలంటే నీటి పైపుతో వచ్చే మార్బుల్ కట్టర్ తెచ్చుకుని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోండి.