పదిమంది కలిసి పనిచేసే కుండల స్టూడియోలో గ్లేజు పద్ధతులు పంచుకోవడం ఎలా

ఒకే బట్టీలో పదిమంది పాత్రలు కాలే ఉమ్మడి స్టూడియోలో గ్లేజు (కాల్చినప్పుడు కరిగి పాత్ర మీద గాజులా పరుచుకునే పూత) పాళ్లు ఒకరి నుంచి మరొకరికి సులువుగానే చేరతాయి, ఆ పాళ్లతో వచ్చిన రంగు మాత్రం అంత సులువుగా చేరదు. ఏ మట్టి మీద, ఎంత మందంగా, ఎంత వేడికి, బట్టీలో ఏ అర మీద కాల్చారో కూడా చెప్పినప్పుడే పక్కవారికి ఆ గ్లేజు నిజంగా ఉపయోగపడుతుంది. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో కలిసి పనిచేసేవారు ఆ వివరాలను ఎలా రాసిపెట్టుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా మట్టి సంగతి తేల్చుకోవాలి. మన కుమ్మరులు ఆవంలో కాల్చే ఎర్రమట్టికి సాధారణంగా 1000 డిగ్రీల సెల్సియస్ లోపు వేడి సరిపోతుంది. స్టోన్‌వేర్ మట్టికి, అంటే ఎక్కువ వేడికి గట్టిగా కాలే మట్టికి, మాత్రం కోన్ 6 వేడి, అంటే సుమారు 1220 నుంచి 1240 డిగ్రీలు కావాలి. కోన్ అంటే బట్టీలో పెట్టే చిన్న శంకువు, అది ఎంత వేడికి వంగుతుందో దాని సంఖ్య చెబుతుంది. ఎర్రమట్టి పాత్రను ఆ వేడిలో పెడితే అది ఉబ్బి, వంగి, ఒక్కోసారి కరిగి అరకు అతుక్కుపోతుంది. దానితోపాటు పక్కవారి శ్రమ కూడా పాడవుతుంది. అందుకే ఏ గ్లేజు కాగితం మీదైనా పాళ్లకంటే ముందు మట్టి పేరు, కోన్ సంఖ్య ఉండాలి.

పాళ్లు రాసేటప్పుడు మూల పదార్థాలు కలిపి 100 అయ్యేలా రాసి, రంగునిచ్చే ఆక్సైడ్లను ఆపైన విడిగా చూపాలి. పొటాష్ ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ పొడి 30, వైటింగ్ (సుద్దపొడి) 20, చైనా క్లే 10 పాళ్లతో చేసే 4-3-2-1 గ్లేజును చాలామంది ఎరుగుదురు. దానికి ఐరన్ ఆక్సైడ్ 8 అని ఉంటే మొత్తం 108 అవుతుందని అర్థం. ఈ గ్లేజు కోన్ 10 దరిదాపుల వేడికి తగినది కాబట్టి, కోన్ 6 బట్టీలో పెట్టినవారికి సరిగా కరగని గరుకు పూతే మిగులుతుంది.

మన దగ్గర తేలికగా దొరికే బూడిద విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రైస్ మిల్లు నుంచి తెచ్చే ఊక బూడిదలో సిలికా చాలా ఎక్కువ కనుక అది గ్లేజును తేలికగా కరగనివ్వదు. కట్టెల బూడిదలో సాధారణంగా కాల్షియం ఎక్కువ కనుక అది గ్లేజును కరిగిస్తుంది. కాగితం మీద ‘బూడిద’ అని మాత్రమే రాస్తే రెండోవారికి పూర్తిగా భిన్నమైన ఫలితం వస్తుంది. అది దేని బూడిదో, కడిగినదో కాదో కూడా రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది పూత మందం. బకెట్టు అడుగున పేరుకున్న ముద్దను గ్లవ్స్ వేసుకుని పూర్తిగా లేపి, 80 మెష్ జల్లెడలో వడగట్టి, 100 మిల్లీలీటర్ల గ్లేజును తూకం వేయండి. పాత్ర బరువు తీసేశాక 145 గ్రాములు తూగితే సాంద్రత 1.45 అన్నమాట. ఆ సంఖ్యను, పాత్రను ముంచి ఉంచిన సెకన్లను, తొలి కాల్పు (గ్లేజు పూయకముందు పాత్రను ఒకసారి కాల్చడం) వేడిని కలిపి రాయాలి, ఎందుకంటే తక్కువ వేడికి కాలిన పాత్ర నీటిని ఎక్కువగా పీల్చుకుని మందపు పూతను పట్టుకుంటుంది. మే నెల ఎండల్లో మూత లేని బకెట్టులో నీరు త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి వాడే ప్రతిసారీ తూచడం మంచిది. ఉప్పుబోరు నీళ్లలోని లవణాల వల్ల కూడా గ్లేజు చిక్కబడవచ్చు. అలాంటి చోట మంచినీళ్లే వాడాలి.

నమూనా పలకలను బల్లపరుపుగా కాకుండా, నిలబెట్టేందుకు వీలుగా అడుగు మడిచి చేయండి. పలకను అడుగున వేలెడంత వదిలి ఒకసారి, పైసగం మరోసారి, అంచు మూడోసారి ముంచితే, పలుచన పూత ఎలా ఉందో, మందపు పూత ఎంత దూరం జారిందో ఒక్క పలక మీదే కనిపిస్తుంది. వెనుక ఐరన్ ఆక్సైడ్‌తో సంఖ్య వేసి, అదే సంఖ్య పుస్తకంలో రాయాలి. చెడిపోయిన పలకలను కూడా గోడకు తగిలించాలని నా గట్టి అభిప్రాయం. గ్లేజు ముడుచుకుపోయి మట్టి బయటపడితే దుమ్మో, చేతి జిడ్డో, అతిమందమో కారణం కావచ్చు. సన్నని పగుళ్ల వల కనిపిస్తే, చల్లారేటప్పుడు గ్లేజు మట్టికంటే ఎక్కువగా కుంచించుకుపోయిందని అర్థం, చాలాసార్లు క్వార్ట్జ్ కొంత పెంచితే అది తగ్గుతుంది.

తినే పాత్రల గ్లేజును పంచుకునేవారి బాధ్యత ఇంకా పెద్దది. ఆవకాయ జాడీలో ఉప్పు, పులుపు ఏడాదిపాటు గ్లేజును తాకుతూనే ఉంటాయి. సీసం ఉన్న గ్లేజును ఇలాంటి పాత్రలకు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. రాగి ఎక్కువగా ఉన్న మ్యాట్ (మెరుపు లేని) గ్లేజుల మీద ‘పూలకుండీలకు మాత్రమే’ అని రాసిపెట్టాలి. నిమ్మచెక్కను రాత్రంతా గ్లేజు మీద ఉంచితే రంగు మారినవాటిని పక్కన పెట్టవచ్చు, కానీ రంగు మారనంత మాత్రాన అది సురక్షితమని చెప్పలేము. అమ్మకానికి పెట్టే జాడీలను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.

పొడులు కలిపేటప్పుడు అందరూ ఎన్95 మాస్కు వేసుకోవాలి. సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది కాబట్టి నేలను పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. బ్రష్షులు కడిగిన నీళ్లను కాలువలో పోయకుండా ఒక బకెట్టులో తేరనిచ్చి, అడుగున మిగిలిన మడ్డిని విడిగా ఎండబెట్టాలి. ఆ మడ్డిలో అందరి గ్లేజులూ కలిసిపోయి ఉంటాయి కనుక దానిని మళ్లీ వాడదలచినవారు అలంకరణ వస్తువులకే వాడాలి.