పాఠం 4: ఒళ్లు చూసి తిండి చెప్పడం

పోయిన పాఠంలో మీసాలు, కాళ్లు గమనించడం నేర్చుకున్నాం. ఈసారి, పురుగు తింటుండగా చూడకుండానే అదేం తింటుందో చెప్పాలి. ఉష్ణమండల అడవి నేల మీద బతికే రెండింటిని తీసుకుందాం: వేటాడే టైగర్ బీటిల్, మట్టి తినే చెదపురుగు.

టైగర్ బీటిల్ సులువు. భూతద్దం పెట్టగానే తలకు రెండు పక్కలా ఉబ్బిన కళ్లు, కొడవళ్లలాంటి దవడలు, సన్నటి పొడవాటి కాళ్లు కనిపిస్తాయి. అది పరిగెత్తే వేగానికి ఎర దాని కళ్లకు సరిగా ఆనదు. అందుకే కాస్త ఉరికి, ఆగి, చూసుకుని మళ్లీ ఉరుకుతుంది. వేటగాడని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

చెదపురుగు దగ్గరే ఓపిక పట్టాలి. శ్రామిక చెదను తెల్ల కాగితం మీద పెట్టండి. చూపు లేదు, ఒళ్లు మెత్తన, వేటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఇప్పుడు పొట్ట చూడండి. పలచటి చర్మం లోంచి మట్టి నల్లగా కనిపిస్తుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం ఇది.

మట్టిలో ఏముందని తింటుంది? కుళ్లిన ఆకులు, వేర్ల సారం మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీసే పని పేగుది. ఆఫ్రికా అడవుల్లోని క్యూబిటెర్మిస్ చెదల పేగులో ఒక భాగం ఎంత క్షారమంటే, పీహెచ్ 12 దాటుతుంది. జీవుల ఒంట్లో ఇంత క్షారం చాలా అరుదు. మిగతా పని పేగులోని బాక్టీరియా చూసుకుంటుంది. బీటిల్ కష్టమంతా ఎర దొరికేదాకా, చెద కష్టమంతా మింగాక.

ఒక్క జాగ్రత్త. పుట్టలో పెద్ద దవడల సైనిక చెద ఎదురైతే వేటగాడనుకుంటారు, మొదట్లో నేనూ అలాగే పొరబడ్డాను. ఆ దవడలు కాపలాకే. దాని నోటికి తిండి అందించేది శ్రామికులే. కాబట్టి ఎప్పుడూ శ్రామిక చెదనే చూడండి.

అభ్యాసం: రాలిన ఆకుల కింద దొరికిన రెండు పురుగుల కళ్లు, దవడలు, పొట్ట బొమ్మ గీసి, తిండేమిటో పక్కన రాయండి. చూశాక వాటిని అక్కడే వదిలేయండి. వచ్చే పాఠంలో టైగర్ బీటిల్ పిల్లపురుగును చూద్దాం. అది పరిగెత్తదు, నిలువు బొరియలో వీపు మీది కొక్కేలతో గోడను పట్టుకుని, ఎర కోసం కాచుకుంటుంది.