విండోస్ 11కి మారాలా, ఆగాలా: బెంగళూరు తెలుగు ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ

తెర మీద పెద్ద అప్‌డేట్ నోటీసు కనపడగానే కొత్త మెనూ ఎలా ఉంటుంది, స్పీడు పెరుగుతుందా అన్న ఆలోచన పక్కన పెట్టండి. ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడున్న వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచులు (భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్లు) ఏ తేదీ దాకా వస్తాయి? ఎక్కించాక తేడా కొడితే రేపు పొద్దున పనికి కూర్చునేలోపు పాత స్థితికి రాగలమా? మారాలా వద్దా అన్నది మొదటి జవాబు తేలుస్తుంది. ఎప్పుడు మారాలన్నది రెండోది తేలుస్తుంది.

తేదీలు

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో ‘విన్‌వెర్’ (winver) అని కొట్టి ఎంటర్ నొక్కితే మీ వెర్షన్ తెలుస్తుంది.

విండోస్ 10 అయితే దాని మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చివరి వెర్షన్ 22హెచ్2, అంటే 2022 రెండో సగంలో వచ్చినది. ఇంట్లో వాడే మెషీన్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పథకం కింద 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచులు ఇస్తారు. అందులో చేరాలంటే 22హెచ్2 మీద ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అది ఇష్టం లేనివాళ్లు 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ ఇవ్వాలి. దారి విండోస్ అప్‌డేట్ పేజీలోనే కనిపిస్తుంది. ఇది కొన్ని నెలల వెసులుబాటు మాత్రమే. ఈ పథకంలో చేరకుండా, పాత విండోస్ 10 మీదే నెట్ బ్యాంకింగ్ చేస్తున్నవాళ్లు మాత్రం ఇంకా ఆగడానికి లేదు.

ఇప్పటికే విండోస్ 11లో ఉంటే లెక్క వేరు. హోమ్, ప్రో ఎడిషన్లలో ప్రతి వెర్షన్‌కీ 24 నెలలు ప్యాచులు వస్తాయి. 23హెచ్2కి 2025 నవంబర్ 11తో అవి ఆగాయి. 24హెచ్2కి గడువు 2026 అక్టోబర్ 13, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12. 24హెచ్2 నుంచి 25హెచ్2కి వెళ్లడం చాలా తేలిక. రెండింటికీ పునాది కోడ్ ఒకటే కాబట్టి చిన్న ప్యాకేజీ దిగి, ఒక్క రీస్టార్ట్‌తో పని అయిపోతుంది. 23హెచ్2 నుంచి గానీ విండోస్ 10 నుంచి గానీ వచ్చేవాళ్లకి మాత్రం మొత్తం ఓఎస్ కొత్తగా పరుచుకుంటుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ముఖ్యంగా వాళ్ల కోసం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పెద్ద అప్‌డేట్ మీద భయంతో నెలవారీ ప్యాచులు కూడా ఆపేస్తారు. అవి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. మన టైములో ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో అన్నమాట, చాలామందికి బుధవారం పొద్దున కనిపిస్తాయి. వాటిని ఆపకండి. వాయిదా వేయాల్సింది వెర్షన్ మార్పునే.

ఎందుకు ఆగమంటున్నాం

2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్స్, ఫోటోల ఫోల్డర్లను చెరిపేసింది. ఆ ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కి మళ్లించుకుని, పాత చోట కూడా ఫైళ్లు ఉంచుకున్నవాళ్లు నష్టపోయారు. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి నవంబర్ 13న మళ్లీ వదిలింది. 2024 అక్టోబర్‌లో 24హెచ్2 వచ్చినప్పుడు వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్770, ఎస్‌ఎన్580 ఎస్‌ఎస్‌డీలున్న మెషీన్లలో బ్లూ స్క్రీన్లు (నీలి తెర చూపించి మెషీన్ ఆగిపోవడం) మొదలయ్యాయి. ఆ డ్రైవులకి సొంత ర్యామ్ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌లో కొంత వాడుకుంటాయి. పాత వెర్షన్ 64 ఎంబీ ఇచ్చేది, కొత్తది 200 ఎంబీ దాకా ఇవ్వడంతో ఇబ్బంది వచ్చింది. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (ఆ డ్రైవులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్‌తో అది సర్దుకుంది.

కొత్త వెర్షన్ వచ్చిన మొదటి రెండు మూడు నెలల్లో దిగేవాళ్లు ఇలాంటివన్నీ మోస్తారు. మీ పాత వెర్షన్‌కి ప్యాచులు వస్తున్నంత కాలం ఆ రెండు మూడు నెలలు ఆగడం వల్ల మీకు పోయేదేమీ లేదు. అందుకే అప్‌డేట్ పేజీలో ‘గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్’ అనే మీట ఆఫ్‌లో ఉంచండి.

పక్కింటివాళ్లకి వచ్చిన ఆఫర్ మీ మెషీన్‌కి రాలేదా? మీ డ్రైవర్‌తోనో (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాం), ఏదో సాఫ్ట్‌వేర్‌తోనో తెలిసిన గొడవ ఉంటే మైక్రోసాఫ్ట్ ఆ రకం మెషీన్లకి అప్‌డేట్ ఆపి ఉంచుతుంది. దీన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు. తొందరపడి ఐఎస్ఓ (పూర్తి ఇన్‌స్టాలర్ ఫైల్) దించి బలవంతంగా ఎక్కిస్తే ఆ గొడవను చేతులారా తెచ్చుకున్నట్టే.

మెషీన్ తట్టుకుంటుందా

విండోస్ 11 అడిగేవి: 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌కి వీలున్న యూఈఎఫ్ఐ. టీపీఎం అంటే తాళాలు దాచే భద్రతా ఏర్పాటు. విండోస్ కంటే ముందు నడిచి మెషీన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం బయోస్, దాని కొత్త రూపమే యూఈఎఫ్ఐ. నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలయ్యేలా చూసేది సెక్యూర్ బూట్. కాగితం మీద 4 జీబీ అన్నా, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచేవాళ్లకి 8 జీబీ లేకపోతే విసుగే మిగులుతుంది. హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న మెషీన్ అయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఆ తర్వాతే అప్‌గ్రేడ్. కంప్యూటర్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లేముందు మీ లాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ (సన్నటి కార్డు లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉందా, లేక రెండున్నర అంగుళాల సాటా (పాత రకం డిస్క్ కనెక్షన్) ఒక్కటేనా అన్నది మోడల్ నంబర్ పెట్టి చూసుకోండి. ఎం.2 ఉన్నా అది ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) తీసుకుంటుందా, సాటా మాత్రమేనా అన్నది ఇంకో మెలిక.

ప్రాసెసర్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే జాబితాలో ఉన్నాయి. ఐ5-7200యూ అంటే 7వ తరం, కుదరదు. ఐ5-8250యూ అంటే 8వది, కుదురుతుంది. ఇక్కడ రీఫర్బిష్డ్ షాపుల్లో 6, 7 తరాల ఐ5 లాప్‌టాప్‌లు బాగా తిరుగుతుంటాయి. ‘విండోస్ 11 వేసి ఇస్తాం’ అని అమ్మేవి కొన్ని తనిఖీని తప్పించి ఎక్కించినవే. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఏఎండీలో రైజెన్ 2000 నుంచి అని అందరూ చెబుతారు కానీ ఆ సిరీస్‌లో అన్నీ జాబితాలో లేవు. అందుకని పేరు చూసి ఊహించకుండా మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ యాప్ నడపండి. ఏది సరిపోలేదో విడివిడిగా చూపిస్తుంది.

టీపీఎం లేదని చూపిస్తే కంగారు పడొద్దు. 8వ తరం తర్వాతి చాలా మెషీన్లలో అది ఉండి కూడా బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘బయోస్ మోడ్’ ఎదురుగా లెగసీ అని ఉంటే మాత్రం డిస్క్‌ని ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్తదానికి మార్చాలి. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్ డేటా పోకుండా ఆ పని చేస్తుంది. అయితే ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లోని ప్రధాన భాగాలు) మూడుకి మించితే ఒప్పుకోదు. ముందు వ్యాలిడేట్ స్విచ్‌తో పరీక్షించి, అది బాగుందంటేనే కన్వర్ట్ చేయండి. తర్వాత బయోస్‌లో యూఈఎఫ్ఐకి మార్చడం మరిచిపోతే మెషీన్ బూట్ అవ్వదు. దాన్ని చూసి డిస్క్ పోయిందనుకోకండి.

32-బిట్ విండోస్ 10 నడుస్తున్న పాత డీటీపీ, ప్రింటింగ్ షాపుల మెషీన్లది ప్రత్యేకమైన చిక్కు. విండోస్ 11లో 32-బిట్ ఎడిషన్ లేదు కాబట్టి ఉన్నదాని మీద ఎక్కదు, మొత్తం తుడిచి వేయాలి. 16-బిట్ ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో నడవవు. 32-బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న పాత ప్రింటరో స్కానరో పనికి రాకుండా పోతుంది. ఆదాయం ఆ ప్రింటర్ మీదే ఉంటే ఆ మెషీన్‌ని నెట్ నుంచి తప్పించి అలాగే నడుపుకోండి, మెయిల్‌కీ బ్యాంకుకీ ఇంకోటి పెట్టుకోండి. అది వెనకబాటు అని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు.

వెనక్కి వచ్చే దారి

అప్‌గ్రేడ్ అయ్యాక సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ అనే బటన్ 10 రోజులు మాత్రమే పనిచేస్తుంది. పాత విండోస్ అంతా సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. జాగా కోసం డిస్క్ క్లీనప్ చేసి దాన్ని చెరిపేస్తే దారి మూసుకుపోయినట్టే. 10 రోజులు చాలవనుకుంటే అప్‌గ్రేడ్ అయిన వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డిజం టూల్‌లోని ‘సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో’ స్విచ్‌కి 60 విలువ ఇవ్వండి (DISM /Online /Set-OSUninstallWindow /Value:60). గడువు 60 రోజులవుతుంది. పది రోజులు దాటాక ఇస్తే ఉపయోగం లేదు. వెనక్కి వస్తే మధ్యలో ఎక్కించిన యాప్‌లు పోతాయని గుర్తుంచుకోండి.

గో బ్యాక్ ఉంది కదా అని బ్యాకప్ మానకూడదు. డిస్కే చెడితే ఆ బటన్ ఏం చేస్తుంది? డాక్యుమెంట్లు, ఫోటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్ పాస్‌వర్డులు బయటి డిస్క్‌కి కాపీ చేయండి. వన్‌డ్రైవ్ సింక్‌ని బ్యాకప్‌గా లెక్కించకండి. ఇక్కడ చెరిగితే అక్కడా చెరుగుతుంది. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మకూడదు.

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం, దాని కీ అన్నిటికంటే ముఖ్యం. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్ మారినా, టీపీఎం సెట్టింగ్ కదిలినా బూట్ అయ్యేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు ఎస్పీ రోడ్డులో ఎంత పేరున్న రిపేరు షాపువాళ్లూ తీయలేరు. ఆ కీ ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సెటప్ చేశారో వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది. అది మీరు వదిలేసిన కాలేజీ మెయిల్ కావచ్చు, అమ్మిన షాపువాళ్లది కూడా కావచ్చు. ఇప్పుడే చూసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి.

ఎక్కించే రోజు

శుక్రవారం రాత్రి ఊరికి బస్సు ఎక్కేముందు మొదలుపెట్టకండి. శనివారం పొద్దున మేలు, తేడా వస్తే ఆదివారం ఉంటుంది. జీఎస్‌టీ పని చేసే ఆఫీసులు రిటర్న్ గడువులైన 11, 20 తేదీల ముందు అసలు ముట్టుకోవద్దు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ అప్‌గ్రేడ్ తర్వాత పనిచేయకపోతే రిటర్న్ ఆగిపోతుంది. ఆ డ్రైవర్ ఇన్‌స్టాలర్ ముందే దించి పెట్టుకోండి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో ఉరుములతో వాన వస్తే కరెంటు పోవడం మామూలే. లాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి ఉంచితే చాలు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి ఆ వేళలు మంచివి కావు. సెటప్ మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు అదే పాత విండోస్‌కి తిరిగొస్తుంది. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం మదర్‌బోర్డే పాడవచ్చు. ఆ పని యూపీఎస్ లేకుండా చేయొద్దు.

సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ చేయండి. డౌన్‌లోడ్ 5 జీబీ పైనే ఉంటుంది. పీజీ వైఫై రాత్రి వేళ నత్తనడక నడిస్తే తెల్లవారుజామున పెట్టండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ చేసి పక్కన ఉంచుకుంటే, మెషీన్ బూట్ కాకపోయినా రిపేరుకి పనికొస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని చూసుకోండి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే తీసేయండి. ప్రింటర్, బయటి డిస్క్‌లు, డాంగుల్స్ ఊడదీయండి, కీబోర్డు, మౌస్ చాలు.

ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ మీద ఇవేవీ చేయకండి. వెర్షన్ ఎప్పుడు మారాలో కంపెనీ ఐటీ వాళ్లే నిర్ణయిస్తారు.

ఆగిపోతే

చివర్లో వెనక్కి తిరిగి 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే కోడ్ చూపిస్తే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. గ్రాఫిక్స్, వైఫై, స్టోరేజి డ్రైవర్లను లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్తవి వేసి మళ్లీ ప్రయత్నించండి. 0ఎక్స్80070070 అంటే జాగా చాలలేదు. 0ఎక్స్‌సీ1900208 అంటే ఏదో ప్రోగ్రాం అడ్డుపడుతోంది. ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం’ అని వస్తే సీ డ్రైవ్ ఎంత ఖాళీ చేసినా లాభం లేదు. బూట్ కోసం ఉన్న 100 ఎంబీ చిన్న పార్టిషన్ నిండిపోయిందని అర్థం. అందులో కనీసం 15 ఎంబీ ఖాళీ కావాలి. దాన్ని సరిచేయడం పార్టిషన్ల పని తెలిసినవాళ్లకే అప్పగించండి.

ఎక్కాక అదే రోజు ప్రింట్ ఒకటి తీయండి, వీడియో కాల్‌లో మైకు, కెమెరా చూడండి, టోకెన్ పెట్టి సంతకం పరీక్షించండి, మూత వేసి తీసి స్లీప్ నుంచి లేస్తోందా చూడండి. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డు లేని గెస్ట్ షేరింగ్‌ని ఒప్పుకోదు. ఆఫీసులో పాత నాస్ డబ్బా (నెట్‌వర్క్‌లో అందరి ఫైళ్లూ దాచే పెట్టె) కనిపించకుండా పోతే తరచూ కారణం ఇదే. నాస్‌లో ఒక యూజర్, పాస్‌వర్డు పెట్టి కనెక్ట్ అవ్వండి. విండోస్‌లో రక్షణను తగ్గించే పని చేయొద్దు. గడువు పెంచుకోనివాళ్లు తొమ్మిదో రోజుకి కేలండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకి ఏదైనా ముఖ్యమైన పని ఇంకా తేలకపోతే గో బ్యాక్ నొక్కండి. అన్నీ నడుస్తుంటే పదో రోజు తర్వాత విండోస్.ఓల్డ్‌ని సిస్టమే తీసేస్తుంది, ఆ జాగా మీకు తిరిగొస్తుంది.