స్థూపం (సిలిండర్) వ్యాసార్థం కావాలా? ముందు ఎత్తుతో భాగించేయండి

ఘనపరిమాణం, ఎత్తు ఇచ్చి వ్యాసార్థం అడిగితే సూత్రమంతా తిరగేసి రాయక్కర్లేదు. ఘనపరిమాణాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చేది అడుగు వృత్తం వైశాల్యమే. ఇక మిగిలింది మామూలు వృత్తం లెక్క.

1.54 లీటర్లు పట్టే డబ్బా, లోపలి ఎత్తు 10 సెం.మీ. అనుకోండి. లీటర్లను అలాగే వేస్తే లెక్క గల్లంతే. ముందు 1540 ఘన సెం.మీ. చేసుకోవాలి. 10తో భాగిస్తే 154. వృత్తం వైశాల్యం π × వ్యాసార్థం వర్గం కాబట్టి, దాన్ని π బదులు వాడే 22/7తో భాగించాలి, అంటే 7తో గుణించి 22తో భాగించడమే: 49. వర్గమూలం 7 సెం.మీ. (49 దగ్గరే ఆగిపోయి మార్కులు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.)

డబ్బా మూతి లోపల స్కేలు పెట్టి సరిచూస్తే 14 వస్తుంది. కంగారుపడకండి, అది వ్యాసం.