హైదరాబాద్‌లో రాత్రి కారులో పడుకోవాలంటే: చట్టం, చోటు, జాగ్రత్తలు

ఆపి ఉంచిన కారులో నిద్రపోవడం నేరమని మోటారు వాహనాల చట్టం, 1988లో ఎక్కడా లేదు. చిక్కంతా బండి ఎక్కడ ఆపారు, తాగి ఉన్నారా అన్న దగ్గరే వస్తుంది.

1. ముందు చోటు. డబ్బు కట్టే పార్కింగ్ మేలు, చేతిలో రసీదు ఉంటుంది. బండిలో మనిషి పడుకోవచ్చో లేదో అక్కడివాళ్లను ముందే అడగండి. పెట్రోల్ బంకులోనూ అంతే; ట్యాంకర్ తిరిగే దారికి అడ్డం లేకుండా ఆపండి. ఔటర్ రింగ్ రోడ్డు అంచున మాత్రం వద్దే వద్దు. వేగంగా వచ్చే లారీకి మీ పార్కింగ్ లైట్లు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఎగ్జిట్ తీసుకుని కిందికి దిగాకే ఆగండి. దారికి అడ్డంగా ఆపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా. నో పార్కింగ్‌లో ఉంటే బండిని టోయింగ్ చేయించొచ్చు, ఆ ఖర్చూ మీదే.

2. ఇంజిన్ ఆపేయండి. ఏసీ కోసం ఆన్‌లో ఉంచి పడుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి మొదలయ్యేసరికి మీరు నిద్రలో ఉంటారు. సెల్లార్‌లో, గోడకు ఆనించి ఆపినప్పుడు, సైలెన్సర్ లీకైనప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ల మందం దించి, దోమతెర గుడ్డ బిగించండి. వెనక సీట్లో పడుకునేవాళ్లు చైల్డ్ లాక్ తీసేయాలి, లేకపోతే ఆ డోర్ లోపలి నుంచి తెరుచుకోదు.

3. తాగి ఉంటే క్యాబ్‌లో ఇంటికి వెళ్లడమే మంచిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 తాగి బండి నడిపినా, నడపబోయినా వర్తిస్తుంది. హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్టీరింగ్ ముందు కూర్చుని, ఇంజిన్ ఆన్‌లో ఉంటే ‘నడపలేదు సార్’ అన్నమాట నిలబడటం కష్టం. తప్పనిసరైతే వెనక సీట్లోకి మారి, తాళం చెవి బ్యాగులో పెట్టేయండి. ఓ కునుకు తీస్తే మత్తు దిగిపోదు, తెల్లారినా బ్రీత్ అనలైజర్‌లో పట్టుబడొచ్చు.

4. పోలీసులు అద్దం తడితే లోపలి లైటు వేసి, చేతులు కనిపించేలా ఉంచి, అద్దం దించండి. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి. బండి తీయమంటే వాదించకుండా తీయండి. తాగి ఉంటే మాత్రం స్టార్ట్ చేయకుండా, డ్రైవర్‌ను పిలిపిస్తానని చెప్పండి. యూనిఫాం లేని మనిషి తడితే డోర్ తెరవకుండా 112కి ఫోన్ చేయండి.