చిన్న మున్సిపాలిటీ బడ్జెట్: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

నిరుటి అంకెకు పది శాతం కలిపి ఈ ఏటి బడ్జెట్ అనేయడం చాలా మున్సిపాలిటీల్లో అలవాటు. కౌన్సిల్లో అది ఇట్టే పాసవుతుంది, వానాకాలం దాటకముందే కరెంటు బిల్లు దగ్గర బోల్తా పడుతుంది. అలా కాకుండా ఏ సేవ ఎంత కావాలో ముందు లీటర్లలో, టన్నుల్లో, యూనిట్లలో తేల్చి, ఆ తర్వాతే రూపాయల్లోకి దిగాలి. ఇక్కడ 40 వేల జనాభా ఉన్న ఊరిని ఉదాహరణగా తీసుకుంటున్నాం. రేట్లు లెక్క చూపడానికి వేసినవే. మీ బిల్లుల్లో ఉన్నవి వేసుకోండి.

ముందు ఆదాయం

డిమాండు (ఈ ఏడు కట్టాల్సిన పన్ను), వసూలు, బకాయి చూపే డీసీబీ పట్టికను డిసెంబరు ఆఖరు దాకా ఉన్న అంకెలతో తెప్పించుకోండి. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నిజంగా వచ్చింది, మిగతా మూడు నెలల్లో నిరుడు వచ్చింది కలిపితే సవరించిన అంచనా తయారవుతుంది. వచ్చే ఏటి అంకెకు అదే పునాది.

ఆస్తి పన్ను ఈ ఏటి డిమాండు 2.40 కోట్లు, పాత బకాయి 1.60 కోట్లు అనుకుందాం. రెండూ కలిపి 4 కోట్లు ఆదాయమని రాసేస్తారు, కొంప మునిగేది అక్కడే. గత మూడేళ్ళ వసూలు శాతం తీయండి. కొత్త డిమాండులో 85 శాతం, బకాయిలో 20 శాతం వస్తోందంటే చేతికందేది 2.04 కోట్లు, 32 లక్షలు, మొత్తం 2.36 కోట్లు. బకాయిలో కూల్చేసిన ఇళ్ళు, ఒకే ఇంటికి రెండుసార్లు వేసిన పన్ను లెక్కలు (అసెస్‌మెంట్లు), కోర్టులో ఉన్నవి, ప్రభుత్వ కార్యాలయాలవి ఎన్నో బిల్ కలెక్టర్లను కూర్చోబెట్టి వేరుచేయించండి. అవి సరిచేస్తే తప్ప ఆ శాతం ఏళ్ళ తరబడి కదలదు.

ఆలస్య వడ్డీని ఆదాయంలో వేయొద్దు. ఎప్పుడో ఒకప్పుడు మాఫీ వస్తుందని కాచుకుని కూర్చునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఏప్రిల్లోనే ఏడాది పన్ను కట్టేవారికి ఇచ్చే 5 శాతం రాయితీని తీసేయడం మరవొద్దు.

మనది కాని డబ్బు కూడా ఖాతాలో ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాల్సిందే. కాంట్రాక్టర్ల డిపాజిట్లు, బిల్లుల్లో పట్టుకున్న కార్మిక సెస్సు కూడా అంతే. బ్యాంకు నిల్వ చూసి మిగులు ఉందనుకుంటే, తర్వాత వాళ్ళంతా వచ్చి నిలబడతారు.

నీళ్ళు

తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున 40 వేల మందికి 54 లక్షల లీటర్లు. దారిలో 15 శాతం పోతుందనుకుంటే పంపు ఎత్తాల్సింది సుమారు 63.5 లక్షలు, అంటే 6,350 కిలోలీటర్లు. కరెంటుకు సూత్రం ఇది: కిలోలీటర్లను ఎత్తు మీటర్లతో గుణించి 367తో భాగించాలి, వచ్చినదాన్ని పంపుసెట్టు సామర్థ్యంతో భాగించాలి. పైపుల్లో రాపిడితో కలిపి 50 మీటర్ల ఎత్తు, 60 శాతం సామర్థ్యం అయితే రోజుకు 1,440 యూనిట్లు, ఏడాదికి దాదాపు 5.26 లక్షల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే 36.8 లక్షలు. మోటారు ఆగి ఉన్నా పడే డిమాండు చార్జీ దీనికి అదనం.

ఇప్పుడు పన్నెండు నెలల బిల్లులు పక్కన పెట్టి చూడండి. అక్కడ 7 లక్షల యూనిట్లు కనబడితే కారణం వెతకాలి: ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) అరిగిందా, మోటారు పలుమార్లు రీవైండింగ్ అయిందా, మెయిన్ లైనులో లీకా. రోజు విడిచి రోజు నీళ్ళిస్తూ కూడా యూనిట్లు తగ్గని ఊళ్ళో అనుమానం లీకేజీ మీదకే పోవాలి. కొత్త పంపుసెట్టుకు పెట్టే డబ్బు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో అదే లెక్కలో తేలుతుంది.

బ్లీచింగ్ పౌడర్ సంగతి: లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున రోజుకు 12.7 కిలోల క్లోరిన్ కావాలి. బస్తా మీద 33 శాతం అని ఉన్నా, గోదాములో తేమ తగిలి అది తగ్గుతుంది. 25 శాతమే అనుకుంటే రోజుకు 51 కిలోలు. ఏడాది సరుకు ఒకేసారి కొనడం దండగ. రెండు మూడు నెలలకోసారి కొనేలా రాయండి. పటికకు మాత్రం వానాకాలం నెలల్లో ఎక్కువ పెట్టాలి, బురదనీటికి మోతాదు పెరుగుతుంది.

చెత్త, మనుషులు

తలకు 350 గ్రాముల చొప్పున రోజుకు 14 టన్నులు. ఒక ఆటో ట్రిప్పుకు 700 కిలోలు, రోజుకు రెండు ట్రిప్పులు వేస్తే పది ఆటోలు, స్పేరుగా ఇంకొకటి. డీజిలు అందరూ రాస్తారు. టైర్లు, బ్యాటరీలు, బీమా, ఫిట్‌నెస్ రాయరు. ఫిట్‌నెస్ గడువు దాటిన బండి షెడ్డులో ఉంటే, దాని బదులు అద్దె బండి పెట్టాల్సి వస్తుంది.

కార్మికుల సంఖ్యలో వారాంతపు సెలవు కలపాలి. రోజూ 60 మంది పనిలో ఉండాలంటే జాబితాలో 70 మంది ఉండాలి. వేతనంపై యాజమాన్య వాటాగా పీఎఫ్ దాదాపు 13 శాతం, పరిమితి లోపు వేతనాలకు ఈఎస్ఐ 3.25 శాతం. ఈ పద్దు వదిలేస్తే ఆ బకాయి జరిమానాతో సహా తర్వాతి ఏడాది నెత్తిన పడుతుంది.

వీధి దీపాలది చిన్న లెక్క: 2,000 ఎల్ఈడీలు, సగటున 35 వాట్లు, రాత్రికి పదకొండున్నర గంటలు, రోజుకు 805 యూనిట్లు. పగలు వెలిగే లైన్లుంటే ముందు టైమర్లు బాగుచేయించండి.

గ్రాంట్లు

15వ ఆర్థిక సంఘం 2021–26కి చిన్న పట్టణాల గ్రాంటులో 40 శాతమే షరతుల్లేకుండా ఇచ్చింది. మిగతా 60లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. జీతాలకు వాడితే ఆడిట్ అభ్యంతరం ఖాయం. 2026–27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త మార్గదర్శకాలు చదవకుండా పాత నిష్పత్తి దించేయకండి. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు కేటాయించాలి. దాన్ని మొక్కలు నాటడానికే కాక నీళ్ళ ట్యాంకరుకు, కంచెకు, కూలీలకు కూడా విడగొట్టండి.

నెలవారీ పట్టిక

పన్ను ఏప్రిల్, మార్చిల్లో పోటెత్తుతుంది, జీతాలూ కరెంటూ ప్రతి నెలా ఉంటాయి. పన్నెండు గళ్ళు గీసి రాక, పోక వేయండి. జూలై, ఆగస్టు గళ్ళలో లోటు కనబడితే ఏప్రిల్ వసూలులో రెండు నెలల జీతం, కరెంటు డబ్బు పక్కన పెట్టాలి. వార్డు సభ్యులు అడిగిన రోడ్లు, కాలువలు వీటన్నిటి తర్వాత మిగిలినదాంట్లోనే రాయండి, అదీ ప్రాధాన్య క్రమంలో. సెప్టెంబరు 30కి వసూలు అంచనాలో 45 శాతం దాటకపోతే, ఆ జాబితా కింది నుంచి ఒప్పందం కాని పనులు ఆపి అక్టోబరు సమావేశంలోనే సవరణ పెట్టండి.